తోటబండి వెనక సీటు

బురదలో జారని టైరు ఏదో కనిపెట్టమని అనిల్‌కుమార్ పురమాయించేసరికి శ్యామల ఇడ్లీ పిండి రుబ్బుతోంది. లోపల గ్రైండరు రొద, బయట ముసురు. ఆ రొద మీదుగానే అతను కేకేశాడు.

"ఏమే, గుబ్బల టైర్లు, బటన్ టైర్లంటరు గదా, అండ్ల ఏది మంచిదో ఫోన్ల చూసి చెప్పు. వానకు, జారుడుకు ఆగాలె. అంతా ఇంగ్లీషుల ఉంది. నువ్వు డిగ్రీ చదివినవ్ గదా!"

శ్యామల డిగ్రీ ఆ ఇంట్లో ఇలాంటప్పుడే బయటికొస్తుంది. ఖమ్మంలో వృక్షశాస్త్రం చదివిన పిల్ల, పెళ్లయ్యాక కుక్కరు వారంటీ, అత్తగారి బీపీ మాత్రల చీటీ, పురుగుమందు డబ్బా మీది పుర్రె గుర్తు కింద రాసింది చదివి వినిపించింది. తక్కిన కాలమంతా ఆ పట్టా బీరువాలో పెళ్లి ఆల్బం కింద పడుకుని ఉంటుంది. పాపం, పిలిస్తే లేస్తుంది.

"ఏ బండికి?" అంది.

"ఏ బండికేంది? నా బండికే. ఆదివారం దోస్తులతోటి అడవిల రైడింగ్ పోతున్నం. ఆళ్ల ముందట జారితే ఇజ్జత్ పోద్ది."

పోయినేడు ఇదే ముసుర్లో ఈ ఇంటి మనిషే జారింది. అప్పుడు పోయింది ఇజ్జత్ కాదు. శ్యామల ఆ మాట పిండితోపాటు గిన్నెలోకి తోడి మూతపెట్టింది.

ములకలపల్లి చివర వాళ్ల ఇల్లు. పామాయిల్ తోట వాగు అవతల, అడవిని ఆనుకుని ఉంటుంది. ఇంట్లో ఒకే కంపెనీవి రెండు బండ్లు. అనిల్ నడిపేది రోడ్డుబండి. అతని అన్న వీరబాబు నడిపేది తోటబండి. గెలలు కోసే కూలీలకు అన్నం క్యారేజీ, ఆ క్యారేజీని ఒళ్లో పెట్టుకునే ఆడమనిషి పోయేది తోటబండి మీదే. కొత్త టైర్లు ఎప్పుడు కొన్నా రోడ్డుబండికే వేస్తారు. అక్కడ అరిగాక విప్పి తోటబండికి వేస్తారు. అక్కడ కూడా అరిగి గుండయ్యాక, పెరట్లో జామ మొక్క చుట్టూ పాదులా పెడతారు. ఇదెవరూ కూర్చుని చేసిన చట్టం కాదు. పెద్దాడి చొక్కా చిన్నాడికి వచ్చినట్టు దానంతటదే వస్తుంది. ఆ ఇంట్లో ఆడవాళ్ల దాకా వచ్చేసరికి అన్నం చల్లారే వస్తుంది, పేపరు నలిగే వస్తుంది, టైరు అరిగే వస్తుంది.

తోటబండి వెనక సీటు మీద పోయినేటి దాకా పద్మప్రియ కూర్చునేది. వీరబాబు భార్య, శ్యామలకు తోడికోడలు. కొబ్బరినూనె ఓడే జడతో, రెండు కాళ్లూ ఒకే పక్కకు వేసి, ఒక చేత్తో సీటు వెనక ఇనప కడ్డీ, ఇంకో చేత్తో ఒళ్లో క్యారేజీ పట్టుకుని కూర్చునేది. "మనం సామాను కూడా కాదే శ్యామలా," అని నవ్వేది. "సామానైతే తాడేసి కట్టేటోళ్లు."

వాగులోకి దిగే ఎర్రమట్టి వాలులో బండి జారింది. తల రాయికి తగిలింది. కొత్తగూడెం దవాఖానాకు చేరేలోపే అయిపోయింది. ఆమె పడ్డా క్యారేజీని వదల్లేదు. "ఒక్క మెతుకు నేలపాలు కానియ్యలే," అని అత్తగారు సుబ్బరత్నం పదో రోజుకు వచ్చినవాళ్లందరికీ చెప్పింది, మెచ్చుకోలుగానే. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పేది. "చీర చక్రంల పడ్డది. చెంగు చెక్కుకునుడు ఏనాడు తెలుసు గనక దానికి!" ఆ మాటను ఒకరి నుంచి ఒకరు అందుకున్నారు. వీరబాబు ఔననలేదు, కాదనలేదు. ఇప్పుడతనికి మళ్లీ సంబంధాలు చూస్తున్నారు. పిల్ల చదువుకోకపోయినా పర్లేదట, బండి మీద కుదురుగా కూర్చుంటే చాలట.

తోటబండికి హ్యాండిల్ సరిచేయించారు, కొత్త అద్దం బిగించారు. టైరుకేమైంది, బాగానే ఉందిగదా అన్నారు. క్యారేజీ శ్యామల ఒళ్లోకి వచ్చింది.

అప్పటినుంచీ ఆ వాలు వచ్చేసరికి ఆమె వెనక ఎవరో ఎక్కుతారు. సీటు స్ప్రింగు కిర్రుమంటుంది. కొబ్బరినూనె, తడిసిన చీర కలిసిన వాసన. శ్యామల తల తిప్పదు. తిప్పితే ఏం కనిపిస్తుందోనని కాదు, ఏమీ కనిపించకపోతే ఏమైపోతుందోనని. చిత్రం ఏమిటంటే, ముందు కూర్చున్న వీరబాబు కూడా అక్కడికొచ్చేసరికి గేరు తగ్గిస్తాడు. "బండెందుకో బరువుగ లాగుతుంది," అంటాడు గాలితో.

మధ్యాహ్నం అంట్లు తోమాక శ్యామల ఫోను పట్టుకుంది. చదవగా చదవగా తెలిసిందేమంటే, టైరు మీది గుబ్బల కన్నా గుబ్బల మధ్య సందు ముఖ్యం. సందు విశాలంగా ఉంటే చక్రం తిరిగినప్పుడల్లా బురద రాలిపోతుంది. ఇరుకైతే బురద అందులోనే కూరుకుని ఎంత మంచి టైరైనా గుండవుతుంది. మెత్తటి రబ్బరు తడి రాయిని పట్టుకుంటుంది, గట్టి రబ్బరు రోడ్డు మీద ఎక్కువ కాలం మన్నుతుంది. బురదలోకి దిగేముందు కాస్త గాలి తగ్గిస్తే టైరు పరుచుకుని నేలను పట్టుకుంటుంది. వెనక మనిషి కూర్చుంటే ఆ బరువు చాలావరకు వెనక చక్రం మీదే.

"మరి ఆ టైరే గుండైతే?" అన్నారెవరో పక్కనే. కొబ్బరినూనె వాసన.

శ్యామల లేచి వసారాలోకి వెళ్లింది. తోటబండి ముందు గొంతుక్కూర్చుని వెనక టైరు మీద అరచేయి ఆనించింది. నున్నగా ఉంది. రోలు ఇంత నున్నబడితే ఏ ఇల్లాలూ ఊరుకోదు, మనిషిని పిలిచి గంట్లు కొట్టిస్తుంది. పచ్చడి నలగకపోతే ఆ పూటకే తెలుస్తుంది మరి. చేయి పక్కకు జరిపింది. చక్రంలో చీర పడకుండా పెట్టిన ఇనప జాలీ బిగించింది బిగించినట్టే ఉంది. ఒక్క కమ్మీ వంగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ చీర. నెమలిపింఛం రంగు. దవాఖానా నుంచి కవర్లో వచ్చింది. "మంచి చీర, పారెయ్యకు, ఉతుకు," అంది అత్తగారు. తొట్టి తరవాత తొట్టి ఎర్రనీళ్లు. బురద వదిలాక ఆరేసి, ఇస్త్రీ చేసి, అంచుకు అంచు కలిపి మడతపెట్టింది. చెంగు నుంచి కుచ్చిళ్ల దాకా ఆ చీరంతా తన వేళ్ల కిందనుంచే పోయింది. ఒక్క చిరుగు తగల్లేదు. ఒక్క గ్రీజు మరక లేదు. ఆనాడే చేతులకు తెలుసు. చేతులను ఎవరడుగుతారు? వాటి యజమానురాలే అడగలేదు.

సాయంత్రం భర్తకు టైరు పేరు చెప్పింది. "వెడల్పు సందులది, మెత్తటి రబ్బరుది."

"శెభాష్! చదువు ఊకనే పోలే," అన్నాడు అనిల్.

టైర్లు శనివారం పొద్దున వచ్చాయి. గుబ్బలు గుబ్బలుగా, పనసకాయల్లా ఉన్నాయి. వీరబాబు రాడ్లు, స్పానర్లు తీసుకుని వసారాలో కూర్చున్నాడు. సుబ్బరత్నం గుమ్మంలో కుర్చీ వేసుకుంది. శ్యామల క్యారేజీ సర్దుకుని వచ్చేసరికి అనిల్ చెబుతున్నాడు.

"అన్నా, కొత్తయి నా బండికెయ్. నాయి ఇప్పి తోటబండికెయ్. ఇంక ఒక వానకాలం గుంజుతయి."

శ్యామల క్యారేజీ కింద పెట్టింది.

"కొత్తయి తోటబండికి," అంది.

అనిల్ నవ్వాడు. "దేనికీ? నువ్వేమన్న రేసులకు పోతవా?"

"మీకు ఆదివారం ఒక్కనాడే జారుడు. నాకు రోజూ."

"ఇగో, బండ్ల సంగతి ఆడోళ్లకెందుకమ్మా?" అంది సుబ్బరత్నం.

"అడిగింది మీ కొడుకే అత్తమ్మా. ఏ టైరు జారదో చెప్పమన్నడు, చెప్పిన. ఏది జారుద్దో కూడ చెప్తున్న. అక్క పడ్డనాడు ఉన్న టైరే ఇంకా ఉంది ఆ బండికి. చెయ్యి పెట్టి చూడుండ్రి, గుండు."

వీరబాబు రాడ్డు కింద పెట్టాడు.

"ఏడాదైనంక ఇప్పుడు టైరు మీదికి తోస్తవా?" సుబ్బరత్నం గొంతు లేచింది. "చీర చక్రంల పడ్డదని లోకమంత ఎరుగు. కూసునుడు రాక పాయె, నా కొడుకు బతుకు ఆగం చేసిపాయె!"

శ్యామలకు తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, ఎవరో వెనకనుంచి అందిస్తున్నట్టు.

"ఆ చీర నేనే ఉతికిన అత్తమ్మా. మీరే ఉతకమన్నరు. ఎక్కడ ఒక్క పోగు తెగలే."

సుబ్బరత్నం చెంగు సర్దుకుంది. అనిల్ ఫోను తీసి చూడటం మొదలుపెట్టాడు, అందులో ఏమీ రాకపోయినా.

"ఏడుంది ఆ చీర?" అన్నాడు వీరబాబు, తల ఎత్తకుండా.

"మీ బీరువాలనే బావా. కింది అరల."

అతను మోకాళ్ల మీద జరిగి తోటబండి దగ్గరకు వెళ్లి వెనక చక్రం నట్టు మీద స్పానరు పెట్టాడు. అది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులతో వేలాడితేగానీ కదల్లేదు. అది కదిలిన క్షణంలో అతని గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. నట్టుదో, మనిషిదో తేల్చుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

టైర్లు ఎక్కాయి. శ్యామల లోపలికెళ్లి చీర మార్చుకుని చుడీదార్‌లో వచ్చింది. దండెం తాడు విప్పుకొచ్చి, క్యారేజీని వెనక సీటుకు అడ్డంగా, నిలువుగా కట్టింది. ఖమ్మంలో కాలేజీ రోజుల్లో తమ్ముడి బండిని గేర్లతో సహా నడిపిన సంగతి పెళ్లిచూపుల్లో చెబితే, "ఇంక ఆ అవసరం రాదులే," అన్నాడు అనిల్. వచ్చింది.

"తాళం ఇయ్యుండ్రి బావా. ఇయ్యాల్టినుంచి ఎనక సీటు నాది కాదు. గాలి కొంచెం తగ్గించుండ్రి, ముందర బురద."

"అవ్," అన్నాడు వీరబాబు. గాలి తగ్గించి, తాళం ఆమె చేతిలో పెట్టాడు.

"ఏయ్, పడతవే!" అన్నాడు అనిల్.

"పడితే నా చేతులతోనే పడత," అంది శ్యామల.

వాగు దగ్గర వాలు ఎర్రగా, సబ్బు పూసినట్టు మెరుస్తోంది. గేరు తగ్గించింది. అనుకున్నట్టే వెనక స్ప్రింగు కిర్రుమంది. కొబ్బరినూనె వాసన, తడి చీర వాసన. క్యారేజీకి తాడు ఉంది. దాన్ని పట్టుకునే పని ఇక ఎవరికీ లేదు. వెనక చక్రం ఒకసారి పక్కకు కొట్టుకుని, బురదను విదిల్చి, నేలను పట్టుకుంది.

శ్యామల తల తిప్పలేదు.

"రెండు చేతులతో పట్టుకో అక్కా," అంది.