పిల్లులూ కుక్కలూ కురిసిన రోజు

తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించి చాటలోకి వేసుకుంటోంది అజీజా. ఆకులో చిటికెడు తంబాకు, ఒక చుట్టు, గోటితో మూతి మడత, దారం. మెట్‌పల్లిలో ఆ వాడంతా చేసే పనే ఇది. పెళ్లయిన నాటి నుంచీ వంగి వంగి ఆమె మెడ ఒక పక్కకు ఒరిగిపోయింది, వేళ్లకు తంబాకు వాసన శాశ్వతమైపోయింది. ఇంతోటి బతుకులో చెప్పుకోవడానికి ఏముందంటే, సాయంత్రం ఉంది.

భర్త ఫజలుద్దీన్ ఒక ప్రైవేటు బడిలో అటెండరు. అలేఖ్య టీచర్ చెప్పిన ఇంగ్లిష్ జాతీయాన్ని గేటు దగ్గర చిన్న నల్లబోర్డు మీద గుండ్రటి అక్షరాలతో రాసేది అతనే. మొదటి రోజు మాట, దాని అర్థం. అది ఎలా పుట్టిందో పిల్లలు ఊహించాలి. మర్నాడు ఆ సంగతి తెలుగులో రాస్తాడు. ఇంట్లో మాట్లాడేది దక్కనీయే అయినా బోర్డు ముచ్చట మాత్రం తెలుగులోనే. సాయంత్రం ఇంటికొచ్చి అతను ఆ రోజు మాట చెబితే, అజీజా బీడీలు చుడుతూ ఊహించాలి. ఓడినవాళ్లు చాయ్ పెట్టాలి.

ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారీ గెలవలేదు. కొత్తవాళ్లతో మాట కలపడాన్ని మంచు పగలగొట్టడం అంటారట. "ఎండకాలం పెండ్లిల షర్బతు కోసం పలగ్గొట్టిన్రేమో" అంది. కాదట, గడ్డకట్టిన నీళ్లలో పడవలకు దారి చేయడమట. చదువు రాని తనకు ఒక్కసారైనా సరిగ్గా తగలాలని ఆమె ఆశ. నవ్వుకునే ఆశే, కానీ గట్టిది.

నిన్నటి మాట, పిల్లులూ కుక్కలూ కురవడం. అంటే కుండపోత వాన. రాత్రంతా ఆలోచించి, పొద్దున అతను చెప్పులు వేసుకుంటుంటే చెప్పింది.

"జోరు వానకు పిల్లీ కుక్కా కొట్లాట మరిసి ఒక్క చూరు కిందనే నిలవడ్డయేమో, యూనుస్ అబ్బా. అది సూసినోడు ఎవడో అన్నడు."

అతను ఒక చెప్పు తొడుక్కుని ఆగాడు. "మంచిగనే ఉంది. టీచర్‌ను అడుగుత."

"గీసారి చాయ్ నువ్వే పెడ్తవ్ సూడు."

"పెడ్త తియ్."

ఆ ధైర్యంతోనే ఆమె పొద్దంతా చుట్టింది. మధ్యాహ్నం మబ్బు కమ్మి నిజంగానే కుండపోత మొదలైంది. చాటను లోపలికి జరిపి, చక్కెర డబ్బా తీసి పొయ్యి పక్కన పెట్టింది. అతనికి ఆ డబ్బా ఎప్పుడూ దొరకదు.

వానలో తడుస్తూ కొడుకు యూనుస్ వచ్చాడు. గడప దాటకుండా నిలబడ్డాడు.

"అమ్మీ, అబ్బా బడిల కూలవడ్డడు. దవాఖానకు తీస్కపోయినం." మొహం మీది వాననీళ్లు తుడుచుకున్నాడు. "లేడు."

అజీజా చేతిలో బీడీకి దారం సగమే చుట్టి ఉంది. ఆమె దాన్ని ముడి వేసింది. తర్వాత ఏడ్చింది.

మూడోనాటి జియారత్ అయిన మర్నాడు అలేఖ్య టీచర్ ఆటోలో వచ్చింది. భర్త పోయిన ఆడవాళ్లు పాటించే ఇద్దత్ గడువు తీరేదాకా అజీజా ఇల్లు కదలకూడదు కనుక, బోర్డునే ఒక బట్టలో చుట్టి తెచ్చింది.

"తుడువనీకె ఎవ్వలకు చేతులు రాలే అమ్మా."

అజీజా బోర్డు వైపు చూడలేదు. "నేను చెప్పింది నిజమేనా బిడ్డా?"

టీచర్ బోర్డు మీది బట్ట విప్పింది. "గా మాట ఎట్ల పుట్టిందో ఎవ్వలకూ సరిగ తెలువదమ్మా. ఆయనకు గదే చెప్పిన. ఎవ్వలకు తెలువకుంటే మా ఇంట్ల చెప్పిందే రాస్త టీచర్, ఆమె గెలిచినట్టే గదా, అన్నడు. నవ్వుకుంట పోయి రాయవట్టిండు."

"రాసిండా?"

టీచర్ చదివి వినిపించింది. ఎంతో లేదు. అజీజా మళ్లీ చదవమంది, ఇంకోసారి చదవమంది. టీచర్ వెళ్లాక బోర్డును తను కూర్చునే చోట, చాట పక్కన గోడకు ఆనించుకుంది. చక్కెర డబ్బా ఇంకా పొయ్యి దగ్గరే ఉంది.

బోర్డు మీద "జోరు వానకు పిల్లీ కుక్కా ఒక్క చూరు" అని గుండ్రటి అక్షరాలు, ఆ తర్వాత కిందికి జారిన ఒక సుద్ద గీత.