గోడ మీద ఐదో మనిషి

ఖాజావలి ముందు పేర్లు రాస్తాడు, తరవాతే బొమ్మలు వేస్తాడు. ఇరవై ఏళ్లుగా అదే పద్ధతి. అక్షరం కుదిరితే చెయ్యి కుదురుతుందని అతని నమ్మకం. గుంటూరులో మిర్చి కొట్ల బోర్డులన్నీ ఫ్లెక్సీల పాలయ్యాక అతనికి మిగిలినవి బడి గోడలే. పెదకాకాని దాటాక ఉన్న ఈ హైస్కూల్లో కూడా పేర్లతోనే మొదలుపెట్టాడు.

సైన్సు టీచరు క్రిస్టీనా కాగితం మీద ఐదు పేర్లు రాసిచ్చింది. ఇంగ్లీషు అక్షరాలే గాని ఇంగ్లీషు మాటలు కావు. అక్షరాలు ఒక పక్కకి వాలాలి, మొదటి మాట పెద్దక్షరంతో, రెండో మాట చిన్నక్షరంతో మొదలవ్వాలి, అది రూలండీ అని రెండుసార్లు చెప్పింది. మనతో కలిపి ఐదు రకాల మనుషులట. మిగతా నాలుగు రకాలూ ఇప్పుడు లేరు. చివరి పేరు హోమో ఫ్లోరెసియెన్సిస్.

"ఈ చివరిది ఎంతెత్తు వెయ్యమంటారు మేడం?"

"మీటరు. కొంచెం ఎక్కువ," అంది ఆమె కాగితంలోకి చూస్తూ.

కాగితంలోకి ఎందుకు చూసిందో అతనికి తెలుసు. ఖాజావలి మూడడుగుల పది అంగుళాల మనిషి. నలభై రెండేళ్లుగా ఎదుటివాళ్ల చూపు తన మీద నుంచి ఎటు తప్పుకుంటుందో గమనిస్తూనే ఉన్నాడు. నవ్వేవాళ్లతో అతనికి పేచీ లేదు, తిరిగి ఓ మాట అనెయ్యొచ్చు. జాగ్రత్తపడేవాళ్లతోనే కష్టం. వాళ్లు జాగ్రత్తపడుతున్నట్టు తనకు తెలియనట్టే ఉండాలి. ఆ నటనకి తనూ జాగ్రత్తపడాలి.

నాలుగు బొమ్మలు రెండు రోజుల్లో అయిపోయాయి. ఐదోదాని దగ్గర చెయ్యి ఆగింది. ఇంటర్వెల్లో పిల్లలు వచ్చి చూసి పోతున్నారు. వాళ్లేమీ అనలేదు. కానీ ఆ చిన్న బొమ్మ లేచి నిలబడగానే ఏమంటారో అతనికి ముందే వినిపించింది. బొమ్మలాయన తన బొమ్మే వేసుకున్నాడ్రా అంటారు. పని ముగించి తను వెళ్లిపోతాడు. బొమ్మ మాత్రం ఉండిపోతుంది. ఏటేటా కొత్త పిల్లలు ఆ మాటే అనుకుంటారు.

ప్రహరీ అవతల కళ్లంలో ఆడవాళ్లు మిరపకాయల రాశి చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. పాతికమంది ఉంటారు. అందులో ఎవరు పొడుగో ఎవరు పొట్టో చెప్పలేం. కూర్చున్న మనిషికి ఎత్తుండదు. ఈ సంగతి అతనికి ఇరవై ఆరేళ్ల వయసులోనే తెలుసు. పిల్ల తరపువాళ్లు చూడ్డానికొస్తున్నారని అమ్మ రహిమున్నీసా అతన్ని గంట ముందే కుర్చీలో కూర్చోబెట్టింది. కింద మడిచిన బొంత వేసి, కాళ్లు కనపడకుండా పైన దుప్పటి కప్పింది. మాటలు బాగానే సాగాయి. అక్షరాలు బాగా రాస్తాడటగా అని పిల్ల అన్న మెచ్చుకున్నాడు కూడా. వెళ్లొస్తామని వాళ్లు లేచినప్పుడు మర్యాదకి తనూ లేచాడు. ఆ తరవాత కబురు రాలేదు.

ఖాజావలి కుంచె తీసుకుని ఆ ఐదో మనిషిని కూర్చోబెట్టేశాడు. మోకాళ్లు ముడుచుకుని రాయి చెక్కుతున్న ఆడమనిషి. మొహం చాలా అందంగా వచ్చింది.

సాయంత్రం క్రిస్టీనా వచ్చి చూసింది.

"కూర్చోబెట్టారేంటండీ?"

"చోటు చాల్లేదు మేడం."

బొమ్మ నెత్తి మీద గోడంతా ఖాళీగానే ఉంది. ఇద్దరూ ఆ ఖాళీని చూశారు.

"మొన్న మీ మొహం చూసి చెప్పాల్సిందండీ. తప్పు నాదే," అంది ఆమె. ఈసారి చూపు తప్పించలేదు. "మీకు ఇబ్బందైతే ఇలాగే ఉండనివ్వండి. ఎంతెత్తో నేను నోటితో చెప్పుకుంటాలే."

అతను పేర్ల వైపు తిరిగాడు. "అందరికీ మొదటి మాట ఒకటే ఉందేంటి?"

"అది ఇంటిపేరు లాంటిదండీ. మనకిలాగే ఇంటిపేరు ముందు. హోమో అంటే మనిషి."

"ఐదుగురూ ఒకింటివాళ్లేనా?"

"ఒకింటివాళ్లే."

"మరి రెండో మాట? పొట్టోళ్లనా?"

"అబ్బే, కాదండీ. ఫ్లోరెస్ అని ఇండోనేషియాలో ఓ దీవి. అక్కడి గుహలో ఎముకలు దొరికాయి. ఆ చోటు పేరే పెట్టారు."

"ఎత్తు గురించి ఏం లేదా?"

"పేర్లో లేదండీ."

ఖాజావలి నవ్వబోయి ఆగాడు. ఊళ్లో తను పొట్టి ఖాజా. జనం ఫోన్లలో పొట్టి పెయింటర్. తనని ఎన్నడూ చూడని వాడు కూడా ముందు ఎత్తు విని, తరవాత పేరు వింటాడు.

"ఇంకోటి తెలుసాండీ?" అంది క్రిస్టీనా. "తవ్వినవాళ్లు ముందు చిన్నపిల్ల అనుకున్నారంట. తీరా పళ్లు చూస్తే జ్ఞానదంతాలొచ్చి అరిగిపోయి ఉన్నాయి. ముప్పై ఏళ్ల ఆడమనిషి."

ఖాజావలి నాలుక తెలియకుండానే వెనక పళ్లను తడిమింది. బస్సులో బాబూ జరుగమ్మా అని భుజం మీద చెయ్యేసి, మొహం కనపడగానే సారీ అండీ అని చెయ్యి తీసేసేవాళ్లు గుర్తొచ్చారు. ముప్పై ఏళ్లు నమిలి పళ్లరగ్గొట్టుకున్న మనిషి. ఆమె సిగ్గుపడిందో లేదో తనకేం తెలుసు? తన సిగ్గు తీసుకెళ్లి ఆమెకి కప్పాడు. అమ్మ తనకి దుప్పటి కప్పినట్టు, మంచి ఉద్దేశంతోనే.

"మేడం, తెల్ల రంగు ఇంకో డబ్బా కావాలి," అన్నాడు.

మర్నాడు ప్రేయరు ముందే వచ్చాడు. కూర్చున్న బొమ్మ మీద తెల్ల రంగు కొట్టేసి, ఆ చోటే ఆమెను నిలబెట్టాడు. పాదాలు మిగతా నలుగురి పాదాల గీత మీదే. ఇంటర్వెల్ గంటకి పిల్లలు మూగారు. కళ్లం ఘాటుకి తుమ్ముతూ, ముక్కులు తుడుచుకుంటూ చూస్తున్నారు. ఏడో తరగతి ఫాతిమా బొమ్మను చూసి, అతన్ని చూసి, ఆపుకోలేకపోయింది.

"అంకుల్, ఈమె అచ్చం మీ అంతే ఉంది!"

పక్కపిల్ల ఫాతిమా చెయ్యి గిల్లింది. మూడు రోజులుగా అతను భయపడ్డ మాట అదే. తీరా విన్నాక అంత బరువుగా ఏం లేదు. ఖాజావలి కుంచె డబ్బాలో పెట్టి, వెళ్లి బొమ్మను ఆనుకుని నిటారుగా నిలబడ్డాడు.

"కళ్లు పెట్టి చూడవే పిల్లా. నా అంతెక్కడ? అరజానెడు తక్కువ."

ఫాతిమా దగ్గరికొచ్చి, అతని తల దగ్గర ఓ చెయ్యి, బొమ్మ తల దగ్గర ఓ చెయ్యి పెట్టి చూసింది.

"అవును అంకుల్. మీరే పొడుగు."

"ఏమన్నావ్?"

"మీరే పొడుగూ!"

పిల్లలు గొల్లున నవ్వారు. ఖాజావలి కూడా నవ్వాడు. పక్కకి జరిగేసరికి తడి రంగు చొక్కాకి అంటుకొచ్చింది, బొమ్మ భుజం చెరిగింది. దిద్దడానికి మళ్లీ కుంచె తీసుకున్నాడు. పిల్లలు వెనకే నిలబడి చూస్తున్నారు. ఎప్పుడు పోతారా అని అతను ఎదురుచూడలేదు.