గీత దాటిన పుట్టుమచ్చ

"కాలిలా చాపు," అంది అత్తగారు. ఆవిడ చేతిలో కుట్టు మిషన్ మీంచి తీసుకొచ్చిన నల్లదారం రీలుంది.

కూర తరుగుతున్న కోడలు తలెత్తలేదు.

"మొన్న కట్టిన దారం ఊడినట్టుంది. ఈసారి బిగించి కడతాను, ఎండి రాలిపోతుంది. మా అక్కకి అలాగే పోయింది."

"మీ అక్కయ్యగారిది పులిపిరి, అత్తయ్యా. నాది పుట్టుమచ్చ."

"ఏదైతేనేం, ఒంటి మీదదేగా!"

పిక్క మీద చిన్నప్పట్నుంచీ మిరియపు గింజంత ఉన్న మచ్చ అది. ఆర్నెల్ల కింద కాస్త పెద్దదైనట్టనిపించింది. ముందు గదిలో పొద్దంతా ఊరివాళ్ల బట్టలు సరిచేసే మనిషి, కంటి అంచనాని నమ్మదు. జాకెట్టు మెడ గీసుకునే పల్చటి కాగితం మచ్చ మీద పరిచి, పెన్సిల్‌తో చుట్టూ గీసి దాచుకుంది. రెండు నెలల తర్వాత అదే కాగితం మళ్లీ పరిస్తే మచ్చ ఒకవైపు గీత దాటి బయటికొచ్చింది. అంచు సిరా ఒలికినట్టు వంకరటింకరగా ఉంది. సగం నలుపు, సగం ఎర్రమట్టి రంగు. భర్తకి చూపిస్తే ఆయన పకపకా నవ్వాడు. "కొలతల పిచ్చి ఒంటిమీదకి కూడా పాకిందా టైలరమ్మా?" తర్వాత అత్తగారు దారం కట్టింది. వద్దనడానికి ఒక పూట వాదించాలి. అంత ఓపిక లేక కట్టించుకుంది. నాలుగో రోజుకి మచ్చ చుట్టూ వాచి ఎర్రబడింది. లంగా అంచుకి నెత్తురంటింది. ఆ మరక ఎవరూ చూడకుండా తనే ఉతుక్కుంది.

నిన్న యూనిఫాం వదులు చేయించుకోడానికొచ్చిన నర్సు ఆ కాలు చూసి కుర్చీలోంచి గభాల్న లేచింది.

"దారమెవరు కట్టారమ్మా?" అంటూ తనే మెల్లగా కత్తిరించి తీసింది. "ఆకారం మారినా, రంగు మారినా, నెత్తురొచ్చినా, ఒక్కటి చాలు డాక్టర్ దగ్గరికి పరిగెత్తడానికి. నీకు మూడూ ఉన్నాయి. పైది రాలిపోతే లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? ఏమీ కాకపోవచ్చు. ఆ మాట చెప్పాల్సింది మాత్రం డాక్టరు, మీ అత్తగారు కాదు." అక్కడే ఫోన్ చేసి ఇవాళ పదకొండింటికి చర్మం డాక్టర్ దగ్గర పేరు రాయించింది.

"ఇవాళేనా?" ఆవిడ అత్తగారికి ఆ సంగతి చెప్తుంటే విని, షర్ట్ బొత్తాలు పెట్టుకుంటూ వంటింట్లోకొచ్చాడు భర్త. "మా మేనేజరు భోజనానికొస్తున్నాడని వారం నుంచి చెప్తున్నాను. ఆర్నెల్లు ఆగింది, ఇంకో వారం ఆగదా?"

అల్మారాలో అత్తగారి మోకాళ్ల ఫైలుంది, ఆయన కడుపుమంట ఫైలుంది. రెండింటినీ చంకన పెట్టుకుని తిరిగింది తనే. తన పేరుతో ఒక్క కాగితమూ లేదు. ఆర్నెల్లు ఆగింది మచ్చ కాదు, ఆగింది నేను, అనుకుంది. అది ఒక్కరోజూ ఆగలేదు.

కత్తి కింద పెట్టి చేతులు కడుక్కుంది.

"కూర సగం తరిగాను. మిగతాది మీరు కానివ్వండి."

"నేనా? తరగడం నాకేం వచ్చు?"

"వేళ్లు జాగ్రత్త," అని చెప్పులేసుకుంది.

వెనక నుంచి అత్తగారు, "మచ్చకి కూడా ఆస్పత్రేమిటే! వింతగా ఉంది!" అంటోంది.

క్లినిక్‌లో డాక్టరమ్మ భూతద్దంతో మచ్చని చాలాసేపు చూసింది. ఆవిడ మొహంలో ఏదైనా కనపడుతుందేమోనని ఈవిడ వెతికింది. ఏమీ కనపడలేదు.

"దీన్ని పూర్తిగా తీసి పరీక్షకి పంపాలి. ఇవాళే తీస్తాను. ఫలితం వచ్చేదాకా ఏమీ చెప్పలేను. ఎప్పట్నుంచి ఇబ్బంది పెడుతోంది?"

'పెద్దగా ఇబ్బందేం లేదండీ' అన్న మాట, ఇరవయ్యేళ్లుగా అలవాటైన మాట, నాలుక చివరిదాకా వచ్చింది. సంచీలో ఫోన్ మోగుతోంది. తీసి, ఎవరిదో చూడకుండానే గొంతు నొక్కేసింది.

"మొదట్నుంచీ చెప్తాను డాక్టర్," అంది. "అన్నీ రాసుకోండి."