ముందు చక్రం

వాగు పొంగి దామరచర్ల తోవలో తూము కొట్టుకుపోయిన యేడు అది. ఆ యేటి మార్గశిరంలో ఒక పొద్దున గౌరయ్య మిర్యాలగూడలోని తన సైకిల్ దుకాణంలో నేలమీద కూర్చొని, రెండు కాళ్ళ బొటనవేళ్ళతో చక్రాన్ని అదిమిపెట్టి, పాత టైరు ఊడదీస్తున్నాడు. పని చేసేటప్పుడు ఆయన మాట్లాడడు. పని లేనప్పుడూ పెద్దగా మాట్లాడడు. ముప్పై యేళ్ళుగా అదే దుకాణం, అదే పీట. ఎడమచేతి చూపుడువేలు ఎప్పుడో చక్రం పుల్లల్లో పడి నలిగింది. గోరు నల్లగా, రెండుగా చీలి పెరిగింది. చక్రాన్ని చెవి దగ్గర పెట్టి తిప్పితే చాలు, లోపల బేరింగు గోలీలు అరిగాయో లేదో చెప్పేస్తాడు. ఆ సంగతి సూర్యాపేట మెకానిక్కులు కూడా ఒప్పుకుంటారు.

ఆ చక్రం గోప్యాది. గోప్యాది ఐదు మైళ్ళ అవతలి తండా. రైసుమిల్లులో బాయిలర్ మంట చూసేవాడు. కిందటి చలికాలం, తెల్లవారుజామున మిల్లుకు వస్తూ సైకిల్ జారి పడ్డాడు. కుడికాలు విరిగింది. ఎముక అతికింది గాని కాలిలో బలం లేకపోయింది. యేడాదంతా మిల్లులో ఒక మూల కూర్చొని బస్తాలు కుట్టాడు.

దీపావళి వెళ్ళాక గౌరయ్య అతన్ని పిలిపించాడు. దుకాణం వెనక గదిలో ఒక సైకిలును స్టాండు మీద నిలబెట్టి తొక్కమన్నాడు. ఎదురుగాలికి తొక్కినంత బరువు తగలాలని వెనక చక్రానికి చెక్కదిమ్మ ఆనించాడు. దానికి నున్నగా అరిగిన టైరే వేశాడు. లోతు గట్లున్న టైరు వేస్తే చెక్క మీద దడదడ కొట్టుకుంటుంది, రబ్బరూ దండగ. ఉన్నచోటనే తిరిగే చక్రానికి పట్టుతో పనిలేదు. గోప్యా రోజూ ధాన్యం బండ్లెక్కి వచ్చి నలభై రోజులు తొక్కాడు. ఎందుకు పిలిపించాడో మాత్రం గౌరయ్య ఒక్కనాడూ చెప్పలేదు.

నిన్ననే మిల్లు షావుకారు కబురు పెట్టాడు. రేపటినుంచి ఆరు గంటల కూతకు ముందే బాయిలర్ అంటుకోవాలి. గోప్యా రాలేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. తూము లేక ఆ తోవలో బస్సు నడవడం లేదు. బండ్లు పొద్దెక్కితే గాని కదలవు. మంచులో సైకిల్ మీద రావలసిందే.

మధ్యాహ్నం గోప్యా వచ్చాడు. వెంట భార్య సోనీ కూడా వచ్చింది. వెనక గదిలోకి తొంగిచూసి, స్టాండు మీది సైకిలును చూసి నవ్వింది.

“నలభై రోజులు తొక్కిండు తాతా. ఇంతల ఐద్రాబాద్ పోయి మర్లి రావొచ్చు. ఈయన ఈ గోడ గుడ దాటలె.”

గోప్యా ఆ మాట విననట్టే పైన వేలాడుతున్న టైర్లను బొటనవేలితో నొక్కి చూశాడు. ఒకటి సన్న గీతలది, తేలిక, త్వరగా పోతుంది. ఇంకొకటి లోతు గట్లది, బరువు, నేలను పట్టుకుంటుంది. పొద్దున్నే తొందరగా చేరాలని రెండు చక్రాలకూ తేలికదే కావాలన్నాడు. గౌరయ్య అతని చేతిలోంచి దాన్ని తీసుకొని పక్కన పెట్టాడు. తేలికది ఒక్కటి వేయక తప్పదు గాని, రెండోది గట్లదే అన్నాడు. ఆ గట్లదాని కోసం ఆయన ముందే బస్సెక్కి సూర్యాపేట పోయి వచ్చాడు. అక్కడ ఒక్కటే దొరికింది. కోదాడలో అదీ లేదు.

“అయితె గట్లది ఎన్కకెయ్యి మేస్త్రీ. బరువంత ఆడనే గద” అన్నాడు గోప్యా.

అందరూ అదే అడుగుతారు. మనిషి బరువు, మూట బరువు వెనకనే పడతాయి, వెనకదే ముందు అరుగుతుంది. అందుకని మంచి టైరు వెనక్కి, అరిగింది ముందుకు. గౌరయ్యకు ఉస్తాదు నేర్పిందీ అదే. ముప్పై యేళ్ళు ఆయన వేసిందీ అట్లనే.

“ముందటికే ఏస్తున్న” అన్నాడు గౌరయ్య.

“అందరికి ఎన్కకేస్తవు. నాకొక్కనికే ముందటికా?”

గౌరయ్య చేతిలోని, టైరు ఊడదీసే ఇనుప పట్టీ కింద పెట్టాడు. కోతల కాలంలో రైతులు వరి మోపులు రోడ్డు మీద పరుస్తారు. లారీలు, బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. మిగిలిన గడ్డి రాత్రంతా అక్కడే మంచుకు తడుస్తుంది. గోప్యా పడ్డది ఆ గడ్డి మీదనే.

“పోయినేడు గుడ నువ్ గిట్లనే అడిగినవ్. నేను కొత్తది ఎన్కకేసిన. అరిగింది ముందటికేసిన. గడ్డి మీద జారింది ముందటి చక్రం. నువ్ మంచిగనే తొక్కినవ్ గోప్యా. తప్పు నాది.”

సోనీ మొగుని కాలి వైపు చూసి, ముసలాయన వైపు చూసింది.

“యేడాది సంది ఈ మాట కడుపుల పెట్టుకున్నవా తాతా?”

గౌరయ్య పట్టీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. గోప్యా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చక్రాన్ని తన వైపు నుంచి గట్టిగా పట్టుకున్నాడు.

“ఎక్కియ్యి మరి. నేను పట్టుకుంట.”

ఇద్దరూ కలిసి గట్ల టైరు ముందు చక్రానికి ఎక్కించారు. తేలికది వెనక్కి వేశారు. పట్టు కోసం గాలి జర తక్కువ కొట్టానని, గడ్డి మీద బ్రేకు పట్టవద్దని గౌరయ్య చెప్పాడు. భయపడవద్దని చెప్పలేదు. ఆ అవసరం ఆయనకు కనబడలేదు. సోనీ క్యారియర్ మీద ఎక్కింది. గోప్యా దామరచర్ల తోవకు తిరిగి, వంకర లేకుండా పోయాడు. ఇక రేపటినుంచి వెనక గదికి అతను రాడు.

మర్నాడు పొద్దున గౌరయ్య గొంగడి కప్పుకొని దామరచర్ల తోవన మైలు దూరం నడిచాడు. రోడ్డు మీది గడ్డి మంచుకు తెల్లగా ఉంది. దాని నడుమ నల్లగా ఒక గీత ఊరివైపు పోయింది. గడ్డి మందంగా ఉన్నచోట కూడా అది పక్కకు కదలలేదు. గడ్డి దాటాక తడిమట్టిలో వంగి చూశాడు. లోతు గట్ల అచ్చు మీద వెనక చక్రం సన్న గీతలు పడి ఉన్నాయి. ఆయన ఇంకా వంగి ఉండగానే ఊళ్ళోంచి మిల్లు కూత వినబడింది.

తిరిగొచ్చి దుకాణం తీశాడు. స్టాండు మీది సైకిలును కిరాయికి ఇద్దామని వెనక గదిలోకి పోయి చెక్కదిమ్మ తీసేశాడు. మొదటి రోజుల్లో గోప్యా పాదం నిలవక జారిపోతుంటే కట్టుకున్న పాత ట్యూబు ముక్క, కుడి పెడలుకు ఇంకా ముడి విప్పకుండా ఉంది.