తెరేసమ్మకు కప్పిన శాలువా

ప్రభుత్వం ఇచ్చిన మాట నిలబెట్టుకుంటోందో లేదో చూడ్డానికి ప్రభుత్వమే ఒక కమిటీ వేసింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు. ఆ కమిటీలో నేనూ ఒక సభ్యురాలిని గనక, తిట్టే హక్కు నాకు నిండుగా ఉంది.

నా పేరు అన్వరీ. విజయవాడ మునిసిపల్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆడవాళ్ళ కోటా, మైనారిటీ కోటా రెండూ ఒక్క కుర్చీతో తీరిపోతాయని నన్ను కమిటీలో వేశారు. ఇది నేను ఊహించి చెబుతున్న మాట కాదు. అధ్యక్షుడు రామకోటేశ్వరరావు మొదటి సమావేశంలో నవ్వుతూ మైకులోనే అన్నాడు. ఆయన ఏదో శాఖలో పెద్ద అధికారిగా చేసి దిగినవాడు. దిగినా ఆ కుర్చీ మాత్రం ఆయన్ని వదల్లేదు, ఎక్కడ కూర్చున్నా అదే దర్జా.

రెండువేల రెండో సంవత్సరంలో గొప్పగా చాటారు. కోర్టుల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్ల ఖాళీలన్నీ వంద రోజుల్లో నింపుతారట. సాక్షులకు గది కడతారట. కేసులు ఏళ్ళ తరబడి నానబెట్టరట. వంద రోజులు పోయాయి, వాటి మీద ఇంకెన్ని వందలు పోయాయో అడగొద్దు. మేం మూడు నెలలకోసారి కూర్చుని, జీడిపప్పు నములుతూ రిపోర్టు చూసేవాళ్ళం. ప్రతి హామీకీ ఎదురుగా "పురోగతిలో ఉంది" అని ఉండేది. ఒక్క సాక్షుల గది మాత్రం పూర్తయింది. పూర్తయిన రోజే తాళం పడింది. లోపల జెండా కర్రలు, విరిగిన కుర్చీలు పెట్టుకున్నారు. సాక్షులు ఎప్పట్లాగే ఎండలో స్కూటర్ల మధ్య నిలబడేవాళ్ళు.

"ఇదేమిటండీ?" అని అడిగాను.

"గది కడతామన్నాం, కట్టాం. తాళం తీస్తామని హామీలో లేదుగదండీ మేడం!" అన్నాడు రామకోటేశ్వరరావు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. వీళ్ళ మొహాలు మండ.

నాకు కమిటీలో ఉండాలని మోజేమీ లేదు. ఉన్నది తెరేసమ్మ కోసం.

తెరేసమ్మ కృష్ణలంకలో చేపలమ్ముతుంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు లాజరు నా దగ్గర ఏడో తరగతి చదివాడు. పద్యం చెప్పమంటే తల గోక్కునేవాడు గానీ లెక్క ఎక్కడా తప్పేవాడు కాదు. ఆ లెక్క వచ్చినందుకే కంకిపాడు దగ్గర బాలశౌరి రైసుమిల్లులో బస్తాలు లెక్కపెట్టే పనికి కుదిరాడు. ఒకనాడు బస్తాలు తగ్గాయని బాలశౌరి అతన్ని గోదాములో కట్టేయించి, తనే కర్ర తీసుకుని కొట్టాడు. సాయంత్రానికి లాజరు పోయాడు. తగ్గిన బస్తాలు తర్వాత బాలశౌరి బావమరిది లారీలో దొరికాయి. ఎవడికి కావాలి ఆ సంగతి!

అది ఎండాకాలం, పైగా పండగ సెలవులు. పోస్టుమార్టం చేసే డాక్టరు ఊళ్ళో లేడు. శవాల గదిలో ఫ్రీజరు పాడైంది. చేపల మార్కెట్లో మంచు దిమ్మలు కొని, గోనెపట్టాలో చుట్టి, రిక్షాలో వేసుకుని తీసుకెళ్ళింది తెరేసమ్మ. కొడుకు చుట్టూ తానే పేర్చింది. ఆ వేసవిలో ఎంత మంచు ఆగుతుంది? అది కరిగేది, ఈమె మళ్ళీ మార్కెట్‌కి పరిగెత్తేది.

తర్వాత కేసు నడిచింది. నడిచిందనకూడదు, పడుకుంది. ప్రాసిక్యూటర్ పోస్టు ఖాళీ గనక మూడు కోర్టులు చూసే ఇన్‌చార్జి పీపీకే ఇదీ అంటగట్టారు. ఆయన మా కమిటీలో కూడా సభ్యుడు, అంటే తన పని బాగుందో లేదో తనే చూసుకుంటాడన్నమాట! ఫాస్ట్‌ట్రాక్ కోర్టు వచ్చాక కేసు ఉన్నట్టుండి లేచి పరుగందుకుంది. కొట్టడం కళ్ళారా చూసినవాడు అబ్రహామనే హమాలీ ఒక్కడే. అతనికి పంపిన సమన్లు "మనిషి ఆచూకీ లేదు" అని తిరిగొచ్చాయి. పీపీ సరేనని ఆ సాక్షిని వదిలేశాడు. సాక్ష్యం లేదని బాలశౌరిని విడిచిపెట్టారు. నేను అతని సొంతూరు మైలవరం బస్సెక్కి వెళ్ళి, మార్కెట్ యార్డు గేటు దగ్గర అడిగితే మొదటివాడే చూపించాడు అబ్రహాముని. పాపం, నాకు టీ కూడా ఇప్పించాడు.

"నన్నెవరూ పిలవలేదండీ. పిలిస్తే వచ్చి చెప్పనా?" అన్నాడు.

ఇక మిగిలిన దారి ఒకటే, హైకోర్టులో అప్పీలు. హత్య కేసులో నిందితుణ్ణి వదిలేస్తే కన్నతల్లి అప్పీలు వేయడానికి అప్పటి చట్టంలో వీల్లేదు, ప్రభుత్వమే వేయాలి. ప్రభుత్వం వేయాలంటే "ఇది అప్పీలుకి తగిన కేసే" అని పీపీ రాసివ్వాలి. గడువు ఆ నెలాఖరు. తెరేసమ్మ రోజూ చేపల గంప దించి ఆయన గుమ్మంలో నిలబడేది. రేపు రమ్మనేవాడు.

సరిగ్గా అప్పుడే మంత్రి గారు న్యాయ సంస్కరణల ప్రగతి చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. ఆయన ఏ సభకు వెళ్ళినా అడిగేది ఒకటే మాట: లబ్ధిదారులేరీ? గ్యాస్ పొయ్యిలిచ్చే సభలో పొయ్యి అందుకునే ఆడవాళ్ళుంటారు, ఇళ్ళ పట్టాల సభలో పట్టా పట్టుకునేవాళ్ళుంటారు. మరి న్యాయం సభలో ఎవరుండాలి? రామకోటేశ్వరరావుకి చెమటలు పట్టాయి.

"త్వరగా తేలిన కేసులేవో చూడండయ్యా!" అన్నాడు పీపీతో.

పీపీ చూశాడు. ఫాస్ట్‌ట్రాక్‌లో అన్నిటికంటే త్వరగా తేలింది లాజరు కేసే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చంపినవాణ్ణి వదిలేశారండీ ఆ కేసులో! ఆ తల్లిని తీసుకొచ్చి లబ్ధిదారంటారా? మనుషులేనా మీరు?"

"ఆవేశపడకండి మేడం. శిక్ష పడిందా లేదా అన్నది కోర్టు వారి విషయం. మన కమిటీ చూసేది వేగం," అన్నాడు రామకోటేశ్వరరావు. పైగా సభలో వండే బియ్యం బాలశౌరి మిల్లువి. చంపినవాడే! సభకు భోజనాల దాత ఆయన.

ఆ సాయంత్రమే తెరేసమ్మ మా ఇంటికొచ్చింది. పీపీ పిలిపించి మాట్లాడాడట. స్టేజీ మీద రెండు మంచి మాటలు చెబితే తెల్లారి అప్పీలుకి రాసి పంపిస్తానన్నాడట.

"వెళ్ళకు తెరేసమ్మా. వాడు ఏరు దాటేదాకా ఓడ మల్లయ్యంటాడు, దాటాక బోడి మల్లయ్యంటాడు," అన్నాను.

"బేరం కాడ కోపం పనికిరాదు టీచరమ్మా," అంది ఆమె. "పళ్ళూడిన ముసలోడొచ్చినా 'రా నాయనా, పెళ్ళికొడుకులా ఉన్నావ్' అనే చేపమ్ముతాం. సరుకు పోవాలిగా! ఆళ్ళకి రెండు మాటలు కావాలి, నాకు ఒక కాయితం కావాలి. నా నోటికేం పోయిద్ది?"

ఎంత చెప్పినా వినలేదు. వినే స్థితిలో లేదు. ఆమెకు ఇంకే దారీ లేదని నాకూ తెలుసు.

సభ ఒక కల్యాణమండపంలో పెట్టారు. పెళ్ళికి కట్టినట్టే అరటి చెట్లు కట్టారు. తెరేసమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. మంత్రి ఆమెకు జరీ అంచు శాలువా కప్పాడు. మైకు ముందు నిలబడి చేతులు జోడించింది.

"అయ్యలకి దణ్ణాలు. నా కొడుకు కేసు తొందరగా తేల్చారు. గవుర్మెంటోళ్ళ మేలు మర్చిపోను. నాకు న్యాయం..."

అక్కడ ఆగిపోయింది. ముందు వరసలో బాలశౌరి తెల్ల చొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె కళ్ళు అతని మీద పడ్డాయి. పక్కనే నిలబడ్డ పీపీ, పిల్లాడికి పద్యం అందించినట్టు, "జరిగింది... జరిగింది" అన్నాడు.

"జరిగింది," అంది తెరేసమ్మ.

చప్పట్లు మోగాయి. బాలశౌరి కూడా కొట్టాడు. నేను లేచి బయటికొచ్చేశాను, అక్కడ ఇంకో నిమిషముంటే ఎవరి మీదో చెప్పు విసిరేదాన్ని.

తెల్లారి పేపర్లో ఫోటో వచ్చింది. "న్యాయం జరిగింది: ఓ తల్లి ఆనందం" అని పైన అక్షరాలు. ఇద్దరం పీపీ ఆఫీసుకి వెళ్ళాం. ఆయన ఆ పేపరు ముక్క చక్కగా కత్తిరించి ఫైల్లో పెట్టుకున్నాడు. మమ్మల్ని చూడగానే ఫైలు తెరిచి చూపించాడు.

"చూడమ్మా, సాక్షాత్తూ మంత్రి గారి ముందు న్యాయం జరిగిందని నువ్వే అన్నావు. నువ్వే తృప్తిపడ్డాక గవర్నమెంటు దేని మీద అప్పీలుకి వెళుతుంది? హైకోర్టులో నవ్వరా? అప్పీలు అక్కర్లేదని రాసేశాను."

"అదేంది బాబూ! తమరు అనమంటేనే గదా అన్నాను!"

"నేను అనమన్నానా? ఎవరైనా విన్నారా?" అన్నాడు. స్టేజీ మీద ఆయన మాట అందించడం విన్నదాన్ని నేనున్నాను. "నేను విన్నాను" అని అరిచాను కూడా.

"మీరు కమిటీ సభ్యులు మేడం. ఏదైనా ఉంటే కమిటీలో చెప్పండి," అని ఫైలు మూసేశాడు.

కమిటీలో చెప్పాను. బల్ల గుద్ది మరీ చెప్పాను. కలెక్టరుకు రాశాను, హైదరాబాదుకు రాశాను. నెలాఖరు దాటిపోయింది. తర్వాత సమావేశపు మినిట్స్ చేతికిచ్చారు. అందులో "సభ్యురాలు శ్రీమతి అన్వరీ ప్రగతి పట్ల హర్షం వ్యక్తం చేశారు" అని ఉంది. ఛీ! వీళ్ళను తిడితే తిట్టుకే అవమానం.

తెరేసమ్మ ఏడవలేదు. నేను మార్కెట్‌కి వెళ్ళేసరికి గంప ముందు కూర్చుని ఉంది. గంపలో మంచు, మంచులో బొచ్చెలు, కొరమేనులు, వాటి మీద తడిసి నల్లబడ్డ జరీ శాలువా.

"గోనెపట్టా కంటే ఇదే నయం టీచరమ్మా. మంచు కరగనివ్వదు," అంది. శాలువా కొస సర్ది మంచు మీదికి లాగింది.

మళ్ళీ సభ వచ్చింది. ఈసారి పీపీకి ఉత్తమ ప్రాసిక్యూటర్ సన్మానం, అత్యధిక కేసులు పరిష్కరించినందుకు. ఎన్నిటిలో శిక్ష పడిందని నేనడిగితే, ఆ వివరం సేకరణ పురోగతిలో ఉందన్నారు. మంత్రి గారికి పోయినసారి మాట్లాడిన తల్లి బాగా నచ్చిందట, ఆమెను మళ్ళీ చూడాలన్నారట. రామకోటేశ్వరరావు జీపు పంపించాడు. పంపిస్తూ డ్రైవరుతో గట్టిగా చెప్పాడు: "మనం కప్పిన శాలువా కప్పుకునే రమ్మను. ఫోటోలో నిండుగా ఉంటుంది."

తెరేసమ్మ అలాగే వచ్చింది. గంప దగ్గర్నుంచి లేచిన మనిషి లేచినట్టే, ఆ శాలువా కప్పుకుని వచ్చింది. ఆమె స్టేజీ ఎక్కుతుంటే మెట్ల దగ్గరివాళ్ళు ముక్కులు చిట్లించి పక్కకు జరిగారు. ఈసారి నేను బయటికి పోలేదు. స్టేజీ మీద పీపీ కుర్చీ వెనకే నా కుర్చీ. మంత్రి గారు కాస్త దూరంగా, గులాబీల దండ వెనక కూర్చుని ఉన్నాడు, ఆయనకింకా వాసన అందలేదు.

మైకు ఇవ్వబోతే తెరేసమ్మ వద్దంది. తిన్నగా పీపీ దగ్గరికి నడిచింది. ఒంటి మీద శాలువా తీసి, ఆయన భుజాల చుట్టూ కప్పి, మెడ దగ్గర రెండు కొసలూ కలిపి ముడి వేసింది.

"ఆహా! లబ్ధిదారే స్వయంగా ప్రాసిక్యూటర్ గారిని సత్కరిస్తున్నారు! సంస్కరణలకు ఇంతకంటే నిదర్శనమేం కావాలండీ!" అని రామకోటేశ్వరరావు మైకులో పరవశించిపోయాడు. హాలు దద్దరిల్లింది. మంత్రి గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కెమెరాలు తళుక్కుమన్నాయి. ముందు వరసలో బాలశౌరీ కొడుతున్నాడు.

కుళ్ళిన చేపనీళ్ళు పీపీ కొత్త కోటు మీదికి కారుతున్నాయి. పీపీ మొహం ముడుచుకుపోయింది. ఒక చేత్తో జేబురుమాలు తీసి ముక్కు దగ్గరికి తెచ్చాడు, రెండో చెయ్యి ముడి మీదికి పోయింది. తెరేసమ్మ ఆ ముడిని వదల్లేదు. ఆయన చెవి దాకా వంగింది. ఆ మాట పీపీ విన్నాడు, వెనక కూర్చున్న నేను విన్నాను, అంతే.

"మా లాజరుకి మంచు చాల్లేదు బాబూ. అప్పుడు నేను ముక్కు మూసుకోలేదు. మీరూ మూసుకోమాకండి."

పీపీ చేతులు రెండూ ఒళ్ళోకి దిగాయి. మంత్రి గారి ప్రసంగం అయిపోయేదాకా ఆయన ఆ శాలువా తీయలేదు.