మూతపడని డిక్కీ

కార్ల కంపెనీలో ఆమెను అందరూ టేపమ్మ అనేవారు. ఆమె అక్కడ ఉద్యోగి కాదు, సొంత కొట్టున్న దర్జీ. మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. కాళ్లలో సత్తువ లేక చక్రాల కుర్చీలో తిరిగేది. ఏదైనా పట్టుకుంటే నాలుగడుగులు వేయగలదు, అంతే.

ఆ కంపెనీ చిన్న కారును ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జి చేసుకోవచ్చు. చార్జి అయిపోతే పెట్రోలుతో నడుస్తుంది. దాన్ని కొత్తగా తీర్చిదిద్దే పని అక్కడే ఇంజనీరైన టేపమ్మ వాళ్లక్క చేతికొచ్చింది. పాత కారులో బ్యాటరీయే సగం డిక్కీని మింగేసేది. మడిచిన కుర్చీ వెనక సీటెక్కాల్సిందే.

"ఈసారి నీ కుర్చీ డిక్కీలో పట్టి తీరాలే. నువ్వే దగ్గరుండి కొలతలు చెప్పు," అంది అక్క.

రెండేళ్లపాటు ప్రతి బుధవారం టేపమ్మ కొట్టు కట్టేసి కంపెనీకి వెళ్లింది. చెక్కతో చేసిన నమూనా కారులోకి కుర్చీని ఎత్తి, దూర్చి, మళ్లీ లాగి చూసేది. "ఈ అంచు బెత్తెడు దించండి నాయనా, నా నడుం పడిపోతోంది," అంటే ఇంజనీర్లు నవ్వుతూనే దించారు. చివరికి ఒకరోజు కుర్చీ గూట్లో పెట్టినట్టు అమరింది. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశారు. తర్వాత కొన్నాళ్లకు ఆ నమూనా పక్కనే ఆమెకు ఫొటోలు తీశారు.

కారు విడుదల రోజున హాల్లో గోడంత బొమ్మ. అందులో టేపమ్మ నవ్వుతోంది. కింద 'అందరి కోసం' అని రాశారు. కొత్త కారు మీది ముసుగు తీయగానే ఆమెకు ఆగబుద్ధి కాలేదు. కారు పట్టుకుని లేచి, కుర్చీ మడిచి డిక్కీలోకి తోసింది. మూత సగంలోనే ఆగింది. కుర్చీని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఊహూ. టేపు తీసి కొలిచింది. డిక్కీ అడుగు బెత్తెడు పైకి లేచి ఉంది.

అక్క పరుగున వచ్చింది. "పెద్ద బ్యాటరీ పెట్టాల్సొచ్చిందే. ఒక్క చార్జికి ఇంకో ఇరవై కిలోమీటర్లు..."

"ఎప్పుడు తేలిందిది?"

అక్క నేల చూపులు చూసింది. "ఆర్నెల్లయింది."

"ఫొటోలు తీసి నాలుగు నెల్లే కదా?"

"చెబితే నువ్వు బాధపడతావని..."

"బాధపడతానని నవ్వించి మరీ ఫొటో తీయించావా?"

అక్క గొంతు తగ్గించింది. "కుర్చీ తీసెయ్యవే, పత్రికలవాళ్లొస్తున్నారు."

"రానీ."

టేపమ్మ వెనక సీటు అంచున కూర్చుంది. కుర్చీ చక్రం బయటికి పొడుచుకొచ్చి, డిక్కీ నోరు తెరుచుకునే ఉంది. కెమెరాలు చుట్టుముట్టాయి.  రెండేళ్ల బుధవారాలూ ఆమె గుండెల మీద కుప్పపోసినట్టయింది.

మర్నాటికి గోడ మీది బొమ్మ దిగిపోయింది. కారు మాత్రం బాగానే అమ్ముడుపోయింది. అక్క ఎన్నిసార్లు ఫోన్ చేసినా టేపమ్మ ఎత్తలేదు. నెల తర్వాత అక్క ఓ కోటు పట్టుకుని కొట్టుకే వచ్చింది.

"చేతులు కాస్త పొట్టి చెయ్యాలే," అంది నసుగుతూ.

టేపమ్మ కోటు అందుకుంది, పిన్నులు గుచ్చింది, చీటీ రాసింది.

"ఎప్పటికి కావాలండీ?"

పుట్టి బుద్ధెరిగాక అక్కను 'అండీ' అనడం అదే మొదలు. అక్క ముఖం పాలిపోయింది.  అయినా టేపమ్మ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.