గోడమ్మ

సగం ఆరిన గౌను మీద నీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టె అడుగుకు తడివేలు తాకించి చూసుకుంది. చుయ్యిమంది. ఇంక మొదలుపెట్టవచ్చు.

స్టూడియో వెనక ఇస్త్రీ గదిలో రెండు కడ్డీలున్నాయి. ఎడమ కడ్డీకి హీరోయిన్ పెళ్లికి ముందు వేసుకునే బట్టలు, కుడి కడ్డీకి పెళ్లయ్యాక వేసుకునేవి. మొదటివాటికి ఒక్కోదానికి ఐదు నిమిషాలు చాలు, గుడ్డ ఉంటేగా! రెండోవాటికి అరగంట పడుతుంది. ఇరవై రెండేళ్లుగా ఏ సినిమాకైనా ఇదే వరస.

ఆమెను అందరూ గోడమ్మ అంటారు. ఒకప్పుడు ఓ సినిమాలో చనిపోయిన తల్లి ఫొటో కావలసి వచ్చి, ఎవరూ దొరక్క ఈమెను కూర్చోబెట్టారు. మొగుణ్ణి ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. "ఫొటో అయితే సరే. కదలకూడదు, మాట్లాడకూడదు," అన్నాడు. ఆ మాత్రం కూడా నిలబెట్టుకోలేకపోయింది పాపం. మెడ దగ్గర మడత పడిందేమో చూడమని అడగబోతుండగా ఫొటోగ్రాఫర్ నొక్కేశాడు. పెదవులు కాస్త విడివడ్డాయి. అప్పటినుంచి ఆ ఫొటోయే సినిమా సినిమాకీ గోడలెక్కుతోంది. బతికుండగానే ముప్పై ఏడుసార్లు చచ్చిపోయావని, సెట్ సామాన్లుండే ప్రాపర్టీ గది చూసుకునే ముసలాయన ఏడిపిస్తాడు. ఆమె నవ్వేస్తుంది. కానీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తెర మీద నోరు తెరిచి ఒక మాట అనాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయేది. మొగుడు పోయి తొమ్మిదేళ్లయినా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

పదకొండింటికి అసిస్టెంట్ డైరెక్టర్ పరుగెత్తుకొచ్చాడు. తల్లి వేషం వేయవలసినావిడ రాలేదట.

"ఒక్క డైలాగే గోడమ్మా. కూతురు ఉద్యోగానికి ఊరొదిలి వెళ్తానంటుంది. 'వెళ్లమ్మా, మీ నాన్నకి నేను చెప్తాలే' అనాలి. చేస్తావా?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. గౌను మాడేలోగా తేరుకుని ఇస్త్రీపెట్టె పైకెత్తింది.

"మా అబ్బాయిని ఒక్కమాట అడిగి చెప్తా బాబూ."

కొడుకు ఫోన్ ఎత్తేదాకా ఓ హీరోయిన్ పాట వినిపించింది. ఆ పాటలో ఆవిడ డాన్సు కోసం ఆ సినిమా ఆరుసార్లు చూశాడు వాడు.

"సినిమాలోనా? మతిపోయిందా అమ్మా నీకు? రేపు ఆఫీసులో నేను తలెత్తుకోవద్దా? మా అత్తగారివాళ్లు ఏమనుకుంటారు?"

"ఒక్క మాటేరా."

"ఒక్కటైనా వద్దు. ఫొటో ఉందిగా, చాలదూ?"

ఆమె ఫోన్ పెట్టేసింది. గొంతు బాగోలేదని అసిస్టెంటుకు చెప్పి పంపేసింది. అతను పావుగంటలో తిరిగొచ్చాడు.

"అయితే అమ్మని చంపేశాం. గోడ మీద నీ ఫొటోయే. హీరోయిన్ దానికి చెప్పుకుని వెళ్లిపోతుంది."

ఆమెకు నవ్వొచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది.

మధ్యాహ్నం అందరూ సెట్లోకి వెళ్లాక గదిలో ఒక్కతే మిగిలింది. రేపటి రైలు సీనుకు హీరోయిన్ వేసుకోవలసిన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి, హాంగరుకు తగిలించి, మెడ గుండీ పెట్టింది. పొద్దున్నుంచీ ఎడమచెయ్యి లాగుతూనే ఉంది. చొక్కాకు ఎదురుగా నిలబడి, "వెళ్లమ్మా, మీ నాన్నకి నేను చెప్తాలే," అంది. గొంతు బాగానే ఉంది. మళ్లీ అంది, ఈసారి కాస్త గట్టిగా. వినేవాళ్లెవరూ లేరు. ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపి, స్టూలు మీద కూర్చుని, గోడకు తల ఆనించింది.

నాలుగింటికి టీ తెచ్చిన ముసలాయన రెండుసార్లు పిలిచాడు. దగ్గరికొచ్చి నుదురు తాకి చూశాడు. చల్లబడిపోయి ఉంది. గ్లాసు చేతిలో చల్లారేదాకా అక్కడే నిలబడిపోయాడు.

సాయంత్రం కొడుకు వచ్చాడు. తల్లిని అంబులెన్సులోకి చేర్చాక గానీ అతనికి గుర్తురాలేదు, దండ వెయ్యడానికి ఇంట్లో ఆమె ఫొటో సరైనది ఒక్కటీ లేదని. తన పెళ్లి ఆల్బంలో కూడా ఎవరో ఒకరి వెనకే నిలబడి ఉంటుంది.

"మా అమ్మ ఫొటో ఇస్తారా?" అని ముసలాయన్ని అడిగాడు.

"సీను ఇంకా రెండ్రోజులుంది బాబూ. మధ్యలో గోడ మీంచి తీస్తే అంతా మళ్లీ తియ్యాలి. చూస్తానంటే రా."

ముసలాయన సెట్లో ఒక దీపం వెలిగించాడు. కొడుకు ఫొటో ఉన్న అట్టగోడ ముందుకెళ్లాడు.

"పొద్దున అమ్మ అనాల్సిన ఆ ఒక్క మాట... ఏంటది?"

"నాకు తెలీదు బాబూ. ఇప్పుడు సీన్లో ఆ మాట లేదు."

అట్టగోడ మీద ఫొటోలో ఆమె పెదవులు, ఏదో చెప్పబోతున్నట్టు, కాస్త విడివడి ఉన్నాయి.